నేల కింది కంబళి

వంకదిన్నెలో గేదెను ఎనుము అంటారు. ఎనుము ఈనితే తొలి జున్ను ఆ ఇంటివాళ్లు తినరు. అది చూలుతో ఉన్నప్పుడు దాని మేత కోసం గడ్డి పిలకలు ఎవరి దగ్గర నుంచి తెచ్చి నాటుకున్నారో, మొదటి గిన్నె వాళ్లకు పోతుంది. గడ్డి పిలకలను ఆ ఊళ్లో ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. చూలు ఎనుమున్న ఆడమనిషి వచ్చి అడిగితే లేదనరు. వేళ్లకు అంటిన మట్టిని మాత్రం దులపకూడదు. మట్టి ముద్దతోనే తడిగుడ్డలో చుట్టి ఇవ్వాలి. దులిపి ఇస్తే దూడ దక్కదని అక్కడి నమ్మకం.

అందుకే ఆ శ్రావణమాసపు ఉదయం, మల్లెలమిట్ట పశుగ్రాస పరిశోధన క్షేత్రం గేటు దగ్గర, మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి గిన్నెతో అక్క తులశమ్మ నిలబడి ఉండడం చూసేసరికి కౌసల్య ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమ్మే, దయ్యాన్ని సూసినట్ల సూస్తాండావు? జున్నుమ్మే. పెయ్యదూడ పుట్టింది."

"లోపలికి రాక్కా. ఈడ వద్దు."

"ఏంటికి వద్దు? గడ్డిచ్చింది నువ్వు, జున్ను తెచ్చింది నేను. దొంగసొమ్మేం గాదు గదా!" తులశమ్మ గేటు కాపలా మనిషి వైపు తిరిగింది. "సూడు నాయనా, మా చెల్లెలు పెద్ద సైంటిస్టు. జున్ను దాపెట్టుకోని తింటాదంట."

కాపలా మనిషి నవ్వాడు. తులశమ్మ కూడా నవ్వింది. అక్క అలా నవ్వి ఎనిమిదేళ్లు దాటింది. కౌసల్య గిన్నె అందుకుంది. గిన్నె ఇంకా వెచ్చగా ఉంది.

"అక్కా, ఆ గడ్డి ఇంకెవరికన్నా ఇచ్చినావా?"

"ఇయ్యకుంటే ఊళ్లో ఉండనిస్తారా? పదకొండిండ్లకిచ్చినా. ఎండాకాలంలో గూడా రెండు బిందెలు పోస్తే వారం వాడదు. అంత పచ్చగుంటే అడగరా మల్ల? దాన్నేమంటాండారో తెల్సా? కౌసల్య గడ్డంట!"

మట్టితోనే ఇచ్చావా అని కౌసల్య అడగబోయింది. కానీ ఆ మాట అడగవలసిన పని లేదు.

*

వంకదిన్నె ముప్పై రెండిళ్ల ఊరు. మల్లెలమిట్ట వాలు ఎక్కడ ముగుస్తుందో అక్కడ, వంక ఒడ్డున ఉంటుంది. ఊరికంతటికీ తాగే నీళ్ల బావి ఒకటే. బోర్లు వేసి చూశారు, ఉప్పునీళ్లు పడ్డాయి. ఆ బావికి ఎగువన, వాలు మీద, పరిశోధన క్షేత్రం వారి నలభై ఎకరాల గడ్డి మడులున్నాయి. కౌసల్య అక్కడ ఉద్యోగంలో చేరకముందు, ఆ మడులకు కాలువ తెంచి నీళ్లు వదిలేవారు. ప్రతి కోత తరువాత యూరియా చల్లేవారు. మడి నిండి పొర్లేదాకా మోటారు ఆగేది కాదు. గడ్డి తాగినంత తాగేది. మిగిలింది నేలలోకి దిగేది.

అది ఎక్కడికి దిగుతోందో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

పెళ్లైన తొమ్మిదేళ్లకు తులశమ్మకు కొడుకు పుట్టాడు. పురిట్లోనే జ్వరం తగిలి ఆమెకు పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు పట్టవలసి వచ్చింది. కౌసల్య అప్పుడు వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. సెలవులకు వచ్చి, ఉయ్యాలలోని పిల్లవాణ్ణి చూసి, అక్కతో చెప్పింది: "పచ్చినీళ్లు కలపొద్దక్కా. బాగా మరగబెట్టు. సగానికి వచ్చేదాకా కాచి, చల్లార్చి, అప్పుడు కలుపు."

తులశమ్మ చదువుకోలేదు. చదువుకున్న చెల్లెలు చెప్పిన మాట ఆమెకు వేదం. పొయ్యి దగ్గరే కూర్చుని, గిన్నెకు బొగ్గుతో గీత పెట్టుకుని, నీళ్లు సరిగ్గా సగానికి దిగేదాకా కాచేది. ఏడో వారంలో పిల్లవాడి పెదవులు నీలంగా మారాయి. తరువాత గోళ్లు. పెద్దాసుపత్రిలో గుండెలో లోపం ఉందేమో అన్నారు. అది తేలకముందే మూడో రోజున పిల్లవాడు పోయాడు. పళ్లు రాని బిడ్డను కాల్చరు గనుక, తమ చేని గట్టు వార పాతిపెట్టి, పైన రాళ్లు పేర్చి, రేగుకంప కప్పారు.

మరుసటి ఏడాది తరగతిలో ఉపాధ్యాయుడు ఒక పాఠం చెప్పి రాయించాడు. ఎరువుల నుంచి నేలలోకి దిగిన నైట్రేటు తాగేనీటిలో చేరుతుంది. నెలల పిల్లల రక్తంలో ఊపిరి అందకుండా చేస్తుంది. పెదవులూ గోళ్లూ నీలంగా మారతాయి. కాచినందువల్ల నైట్రేటు పోదు. నీళ్లు ఆవిరవుతాయి, అది మిగులుతుంది. సగానికి కాస్తే రెండింతలవుతుంది. కౌసల్య ఆ వాక్యాలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. చివరి వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. తరువాత ఆ వాక్యం కూడా రాసింది.

సెలవులకు వచ్చినప్పుడు ఊరి బావి నీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేసింది. నైట్రేటు లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడని చోట నూట అరవై ఉంది.

అక్కకూ, బావ ఓబులేసుకూ అంతా చెప్పింది. యూరియా సంగతి చెప్పింది, మడుల సంగతి చెప్పింది, బావి సంగతి చెప్పింది. కాచడం సంగతి చెప్పలేదు. ఆ ఒక్కటీ చెబితే అక్క ఆ పొయ్యి ముందు కూర్చున్న ప్రతి పూటా మళ్లీ అక్కడే కూర్చోవలసి వస్తుందని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ కారణం నిజమే. అది ఒక్కటే కారణం కాదని కూడా ఆమెకు తెలుసు.

*

క్షేత్రంలో ఉద్యోగానికి చేరాక, కంబళిని కనిపెట్టడానికి కౌసల్యకు నాలుగేళ్లు పట్టింది.

కొండ గడ్డి వేళ్ల మీద పెరిగే తెల్లటి బూజు ఒకటుంది. అది నైట్రేటును ఇష్టంగా తింటుంది. కౌసల్య దాన్ని తరం వెంట తరంగా గాజు పళ్లాలలో పెంచి, బాగా తినేవాటిని ఏరుతూ, పోగులు ఒకదానితో ఒకటి అల్లుకునేవాటిని ఏరుతూ, చివరికి ఒక రకాన్ని సాధించింది. మోకాటి లోతున మట్టిలో చల్లితే నెలలో పల్చటి పొరలా అల్లుకునేది. నీళ్లు తగలగానే ఆ పొర ఉబ్బి మూసుకునేది. ఆ మూసుకోవడంలో పుట్టే చిన్న విద్యుత్తును రెండు రాగి తీగలు పట్టుకుని, మడికి చుక్కలుగా నీళ్లిచ్చే డ్రిప్పు గొట్టాలను ఆపేసేవి. వేళ్లు పైన నిలిచిన నీళ్లు తాగేసి, నేల ఆరితే పొర వదులయ్యేది, నీళ్లు మళ్లీ వచ్చేవి. ఎంత దాహమో అంతే నీరు. మూడింట ఒక వంతు నీటితో గడ్డి నడుము ఎత్తు పెరిగింది. యూరియా ఆనవాలు కూడా పొర కిందికి దిగలేదు.

మొదటి మడిలో గుంట తవ్వి చూసినప్పుడు, మట్టి మధ్య ఆ తెల్లటి నేతను చూసి కూలి మనిషి ఒకామె, "గొర్రెబొచ్చు కంబళి పరిసినట్లుందే!" అంది. ఆ పేరే నిలిచింది.

క్షేత్రం అధిపతి రహంతుల్లా గారు పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. మాటకు ముందు కళ్లద్దాలు తుడుచుకోవడం ఆయన అలవాటు. గుంట గట్టున గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"కౌసల్యమ్మా, నీ కంబళికి కప్పుకోవడమే తెలుసు. తీయడం దానికి రాదు."

"అంటే ఏంది సార్?"

"ఇన్నాళ్లూ కింది ఊరి బావి దేనితో నిండిందనుకున్నావు? మనం పారబోసిన నీళ్లతోనే. విషమే, కాదనను. కానీ నీళ్లే. ఇప్పుడు విషంతో పాటు నీళ్లూ ఆగిపోయాయి. వానాకాలం వాన కూడా దీన్ని దాటి పోదు. ఆలోచించావా?"

ఆమె ఆలోచించలేదు. నూట అరవై అన్న అంకె ఒక్కటే ఆమె కళ్ల ముందు ఉండేది.

మరో ఆరు నెలలు పనిచేసి దానికి దారి కనుక్కున్నారు. యూరియా వేయని వానాకాలపు నెలల్లో మడికి తేటసున్నపు నీళ్లు పెడితే లేత కంబళి పోగులు వదిలేస్తుంది. నాలుగు రోజులు వాన నేలలోకి దిగుతుంది. తరువాత మళ్లీ అల్లుకుంటుంది. సున్నాన్ని దాటి అది పాకదు గనుక ప్రతి మడి చుట్టూ సున్నం కందకం తవ్వించారు. గోడ మీద రహంతుల్లా గారు తన చేత్తోనే రాశాడు: ఈ మడుల నుంచి గడ్డిపోచ గానీ మట్టిబెడ్డ గానీ బయటికి పోరాదు.

రెండేళ్లలో నలభై ఎకరాల కిందా కంబళి పరుచుకుంది. వంకదిన్నె బావిలో అంకె నూట ఇరవైకి దిగింది, తరువాత డెబ్బైకి, తరువాత ముప్పై ఎనిమిదికి. ముప్పై ఎనిమిది చూసిన రోజున కౌసల్య రిజిస్టరులో ఆ అంకె రాసి, ప్రయోగశాల తలుపు దగ్గరగా వేసి, చాలాసేపు కూర్చుంది.

ఆ వారంలోనే తులశమ్మ వచ్చింది. పిల్లవాడు పోయాక మొదటిసారిగా ఆ ఇంట్లోకి ఒక ఎనుమును తెచ్చుకున్నారు. అది చూలు కట్టింది.

"నీ తావ గడ్డి బాగుందంట. నాలుగు పిలకలియ్యి మ్మే. పుట్టింటోళ్లు ఇచ్చిన గడ్డితో పెంచినానని చెప్పుకుంటా."

పుట్టింట్లో మిగిలింది కౌసల్య ఒక్కతే. గోడ మీద అక్షరాలు ఆమె వెనకే ఉన్నాయి. ఆమె మడిలోకి దిగింది, నాలుగు దుబ్బులు పెళ్లగించింది, వేళ్లను నీటి తొట్టెలో ముంచి మట్టి కడగబోయింది. ఒక్క నిమిషం కడిగి ఉంటే సరిపోయేది.

"మట్టి దులపాకు!" తులశమ్మ తొట్టెకు అడ్డం వచ్చింది. "అంత మాత్రం తెల్దా నీకు? దూడ దక్కొద్దా నాకు?"

అక్క ముఖంలో ఆ భయం కౌసల్య ఇదివరకు ఒకసారి చూసింది, పెద్దాసుపత్రి వసారాలో. చెయ్యి వెనక్కి తీసుకుంది. మట్టి ముద్దలతోనే గుడ్డలో చుట్టి ఇచ్చింది.

*

జున్ను తిన్న రోజునే రహంతుల్లా గారికి చెప్పి ఉండవలసింది. అప్పటికి కంబళి లేతగానే ఉంది. పన్నెండిళ్ల మడులకు సున్నపు నీళ్లు పెట్టి, గడ్డి పీకి, నేల ఎండబెడితే పోయేది. కానీ ఆ గడ్డి పక్కనే అక్క ఎనుము కట్టేసి ఉంది, పక్కన పెయ్యదూడ ఉంది. ఈ ఈత పాలు అయిపోయాక చెబుతాననుకుంది. వానాకాలం అయ్యాక చెబుతాననుకుంది. ఒక ఆదివారం క్యాను నిండా సున్నపు తేట తీసుకుపోయి అక్క మడిలో పోసి వచ్చింది. "ఏమ్మే అది?" అని అక్క అడిగితే "బలం మందు" అంది. ఆ అబద్ధంతో తాను చేయగలిగింది చేసినట్టు కొన్నాళ్లు నిద్రపోగలిగింది.

పిలకలు మాత్రం ఇంటి నుంచి ఇంటికి పోతూనే ఉన్నాయి, మట్టితో సహా, ఆచారం తప్పకుండా. ముప్పై రెండిళ్ల ఆడవాళ్లలో ఒక్కరూ మట్టి దులపలేదు.

రెండేళ్లు గడిచాయి. రెండేళ్లూ వానలు బాగా పడ్డాయి. వాలంతా పచ్చగా ఉంది. వంకదిన్నె నుంచి పాల క్యాన్లు మునుపటికి రెండింతలు పోతున్నాయి. బావిలో మాత్రం నీరు మెట్టు మెట్టుగా దిగిపోతోంది. తాడుకు ముడేసి పొడుగు చేసుకున్నారు. మళ్లీ ముడేశారు. మాఘమాసానికి చేద అడుగు రాయిని కొట్టుకుంది.

"ఎగువోళ్ల మోటార్లే తాగేసినాయి," అన్నాడు ఓబులేసు రచ్చబండ మీద.

"మా చెల్లెలి తావ మోటార్లు మూడో వంతే ఆడతాండాయి. తెలీకుండా మాట్లాడాకు," అంది తులశమ్మ.

"నీ చెల్లెలి మీద ఈగ వాలనియ్యవు గదా!"

మారెప్ప తాతకు ఎనభై ఏళ్లు. ఆ బావిని లోతు చేసినప్పుడు పనిచేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. కర్రతో చేని నేలను పొడిచి చూసి అన్నాడు: "మోటార్లు గాదబ్బా. వాన పైన్నే నిల్సిపోయింది. మొన్న కురిసింది మూడు దినాలు మడిలో అట్లే నిలబడె. నేల తాగడం మర్సిపోయింది."

ఆ మాట తులశమ్మ ఫోనులో నవ్వుతూ చెప్పింది, ముసలాయన పిచ్చిమాట అన్నట్టు. అవతల కౌసల్య కుర్చీలోంచి లేచి, కిటికీలోంచి దిగువన వంకదిన్నె మడుల వైపు చూసింది.

"ఉండావా మ్మే?"

"ఉన్నానక్కా."

ఆ మధ్యాహ్నం ఆమె రహంతుల్లా గారి గదిలోకి పోయి నిలబడే అంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

"ఎన్ని పిలకలు?"

"నాలుగు సార్."

"నాలుగు," అన్నాడాయన. కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. "గడపార తీసుకో. పోదాం పద."

*

తులశమ్మ మడిలో మోకాటి లోతున గడపార ఆగిపోయింది. రహంతుల్లా గారు మట్టి పక్కకు తీశాడు. క్షేత్రంలో పల్చగా తెల్లగా ఉండే పొర ఇక్కడ వేలి మందాన, గోధుమరంగులో, నానిన చెప్పుతోలులా ఉంది. తెచ్చిన సున్నపు నీళ్లు దాని మీద పోశాడు. పళ్లెంలో పోసినట్టు అలాగే నిలబడ్డాయి.

"ముదిరింది. ఇక సున్నానికి వదలదు," అన్నాడు. గుంటలోని పొర కొసను వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాడు. అది చిరగకుండా చాప లేచినట్టు లేచింది. దాని కింద మట్టి బూడిదలా పొడిగా ఉంది. రెండు వానాకాలాలుగా ఆ మట్టి ఒక్క చుక్క చూడలేదు.

ఊరంతా గట్ల మీద నిలబడి చూస్తోంది. చెప్పవలసినది తనే అని కౌసల్యకు తెలుసు. చెప్పింది. ఏ రోజు ఎన్ని పిలకలు ఇచ్చిందీ, ఆ మట్టిలో ఏముందీ, అది తెలిసీ ఎందుకు ఇచ్చిందీ, తెలిసీ రెండేళ్లు ఎందుకు నోరు మెదపలేదూ, ఏదీ దాచకుండా చెప్పింది. మధ్యలో ఎవరో ఆడమనిషి, "అయితే మా బాయి నువ్వే ఎండబెట్టినావా తల్లీ?" అని అడిగింది. అందులో కోపం కూడా లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

"అవునక్కా. నేనే."

"దానొక్కదాన్నే అనాకండి," తులశమ్మ ముందుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "అది కడగబోయింది. మట్టి దులపొద్దన్నది నేనే. నేను అనకపోతే కడిగే ఇస్తాండె."

తనను కాపాడడానికి అక్క అన్న ఆ మాట, ఆ రోజు విన్న అన్ని మాటల్లోకీ కౌసల్యకు బరువైంది.

యంత్రంతో తవ్వితే పొర ముక్కలవుతుంది, ప్రతి ముక్కా మళ్లీ పాకుతుంది. చేతులతో తీయాలి. అంచు నుంచి మొదలుపెట్టి, చిరగనివ్వకుండా చాపలా చుడుతూ పోవాలి, చుట్టినదాన్ని సున్నపు గుంతలో వేసి కాల్చాలి. అరచెయ్యంత మిగిలినా ఏడాదిలో మళ్లీ వాలంతా కప్పుతుంది. ఆ తరువాత మూడు పంటకార్లు నేల మీద పచ్చటిదేదీ ఉండకూడదు.

నాలుగున్నర నెలలు పట్టింది. మేత లేక ఎనుములు ఒకటొకటిగా చుట్టాల ఊళ్లకు పోయాయి. ఓబులేసు పెయ్యను, దాని తల్లిని తోలుకుని అన్నగారి ఊరికి పోయాడు, మళ్లీ వచ్చి తవ్వాడు, మళ్లీ పోయాడు. ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ముందు కదిలారు. బడిలో పిల్లలు ఆరుగురు మిగిలాక బడి మూసేశారు. మారెప్ప తాత తవ్వకం సగంలో ఉండగా కన్నుమూశాడు. ఆయన దినాలకు నీళ్లు పక్క ఊరి నుంచి తెచ్చారు. కౌసల్య ఉద్యోగానికి సెలవు పెట్టి రోజూ వచ్చి తవ్వేది. ఎవరూ ఆమెను తిట్టలేదు. మొదటి నెలలో ఎవరూ ఆమెకు తాగడానికి ఒక చెంబు కూడా అందించలేదు. తన సీసా తాను తెచ్చుకునేది.

జ్యేష్ఠమాసానికి మిగిలింది ఒక్క చోటు. తులశమ్మ చేని గట్టు వార, రేగుకంప కప్పిన రాళ్ల కింద.

అక్కడ పచ్చగా ఉంటే చూడడానికి బాగుంటుందని, తెచ్చిన నాలుగు పిలకల్లో ఒకటి తులశమ్మ ఆ రాళ్ల పక్కనే నాటింది. కంబళి అన్నిచోట్లకంటే అక్కడే మందంగా అల్లుకుంది.

పార పట్టుకున్నవాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. ఓబులేసు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

"ఆ ఒక్కటీ వదిలేద్దాం సార్," అంది కౌసల్య. "చుట్టూ సున్నం కందకం తవ్వి..."

"ఎన్నేండ్లు కాయాల ఆ కందకం?" తులశమ్మ అడిగింది. "మనం పోయినంక ఎవురు సున్నం పోస్తారు?"

రహంతుల్లా గారు చేతిలోని పార కింద పెట్టాడు.

తులశమ్మ చీర కుచ్చిళ్లు బిగించి, రేగుకంపను చేతులతోనే తీసి పక్కన పెట్టింది. రాళ్లు ఒక్కటొక్కటే తీసింది. "అందరూ ఆపక్కకు పొండి," అంది. పోయారు. కౌసల్య కూడా పోయి వీపు తిప్పి నిలబడింది. మట్టి తీస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒకచోట ఆగింది. తరువాత మళ్లీ మొదలైంది.

ఆమె పిలిచినప్పుడు వెళ్లి చూస్తే, పొర చివరి చుట్ట ఆమె పక్కన ఉంది. ఆమె కొంగు ఒక చివర చిన్న ముడి ఉంది. అందులో ఏముందో ఆ రోజు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

*

బావిలోకి నీరు రావడానికి మరో రెండు వానాకాలాలు పట్టింది. ముప్పై రెండిళ్లలో అప్పటికి తొమ్మిదే మిగిలాయి. ఊరి వైపు వాలు మీద ఒక్క గడ్డిపోచ లేదు. ఎర్రటి నేల, ఇంకిన వాన చారలతో, కడిగి ఆరేసినట్టు ఉంది. రహంతుల్లా గారు పదవీ విరమణ చేసి వెళ్లిపోయాడు. క్షేత్రంలోని కంబళిని కూడా తీసేయాలా ఉంచాలా అని పైవాళ్లు ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నారు. కౌసల్యను కాగితాల పనికి మార్చారు. ఆమె ఏమీ అనలేదు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం తులశమ్మ కబురు చేసింది. కౌసల్య పరీక్ష సీసాలు సంచిలో వేసుకుని వెళ్లింది. బావి దగ్గర అక్క ఒక్కతే ఉంది. గిలకకు కొత్త తాడు కట్టి ఉంది, ముళ్లు లేనిది. తులశమ్మ చేద వదిలింది. నీళ్ల చప్పుడు దగ్గరగా వినిపించింది. చేదిన నీళ్లు గట్టు మీద పెట్టి పక్కకు జరిగింది.

కౌసల్య సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. నైట్రేటు ఉంటే నీళ్లు గులాబిరంగుకు తిరుగుతాయి. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. రంగు రాలేదు. వస్తుందేమో అని ఇంకాసేపు చూశారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"తాగొచ్చక్కా."

తులశమ్మ తలాడించింది. చేదలోకి వంగి నీళ్లలో తన ముఖం చూసుకుంది. తరువాత, ఇంటిపని అడిగినంత మామూలుగా అడిగింది:

"కాచాల్నా?"

ఎగువన క్షేత్రంలో మోటారు ఏదో ఆగిన చప్పుడైంది. కౌసల్య సీసాకు మూత పెట్టి గట్టు మీద పెట్టింది.

"వద్దక్కా. కాయొద్దు." "కాస్తే ఆ విషం పోదు. నీళ్లు పోతాయి, అది మిగులుతాది. సగానికి కాస్తే రెండింతలైతాది. అప్పుడు నాకు తెల్దు. కాయమని నీకు చెప్పింది నేనే. మరుసటేడు తెల్సింది. అప్పటినుంచి చెప్పలేదు."

ఇన్నేళ్లూ మోసిన మాట, అనేసరికి ఇంత చిన్నదిగా ఉంది.

తులశమ్మ చెయ్యి కొంగు చివరికి పోయింది. చీర మారినా మానకుండా కట్టుకునే ఆ చిన్న ముడిని పట్టుకుంది. బావి ఒరల మధ్య నుంచి ఒక పిచ్చుక లేచి పోయింది.

"నల్లగీత పెట్టుకుంటి గిన్నెకు," అంది చివరికి. "సగానికి తక్కువైతే నువ్వు తిడతావని."



తులశమ్మ చేదను రెండు చేతులా ఎత్తి నీళ్లన్నీ నేల మీద గుమ్మరించింది. ఎర్రమట్టి మీద అవి ఒక్క క్షణం మెరిసి, నిలవకుండా, అంచుల నుంచి లోపలికి ఇంకిపోయాయి. ఆ తడి మచ్చ ఆరిపోయేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

తరువాత తులశమ్మ చేదను మళ్లీ బావిలోకి వదిలింది. అది మునిగి బరువెక్కింది. తాడు రెండో కొస చెల్లెలి వైపు జరిపింది. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.

"పట్టు," అంది. "నా ఒక్కదానితో కాదు."